కేస్ షీట్‌లో వ్యాధి పేరు స్పష్టంగా ఉంటేనే ఆరోగ్య గణాంకాలకు విశ్వసనీయత

ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా చేరిన ప్రతి రోగికీ ఒక కేస్ షీట్ ఉంటుంది. రోగి డిశ్చార్జి అయిన తరువాత అందులోని రోగ నిర్ధారణను అంతర్జాతీయ సంకేతంగా మార్చి నమోదు చేయడం మెడికల్ రికార్డ్స్ విభాగం బాధ్యత. పైకి ఇది గుమాస్తా పనిగా కనిపించినప్పటికీ, ఒక ప్రాంతంలోని ప్రజలు ఏ వ్యాధులతో బాధపడుతున్నారు, ఏ కారణాలతో మరణిస్తున్నారు అన్న సంగతి ప్రభుత్వానికి తెలిసే ముఖ్య మార్గాలలో ఇది ఒకటి. డాక్టరు రాయని విషయాన్ని ఏ సంకేతమూ చెప్పజాలదు. అందువలన ఈ ప్రక్రియ అంతటికీ ఆధారం డాక్టరు స్వహస్తాలతో రాసే రోగ నిర్ధారణే.

అంతర్జాతీయ వర్గీకరణ

ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టిలాన్ 1893లో సమర్పించిన మరణ కారణాల పట్టిక ఈ విధానానికి మూలం. కాలక్రమంలో అది వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణగా విస్తరించి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వహణలోకి వచ్చింది. దీని పదవ సవరణ అయిన ఐసిడి-10ను ప్రపంచ ఆరోగ్య సభ 1990లో ఆమోదించింది. ఇందులో 22 అధ్యాయాలు ఉన్నాయి. ఆంగ్ల అక్షరం, దానిని అనుసరించే అంకెలు కలిసి ఒక్కొక్క వ్యాధికి సంకేతంగా ఏర్పడతాయి. పదకొండవ సవరణ 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చినప్పటికీ, మన దేశంలోని ఆసుపత్రులలో ఐసిడి-10 విస్తృతంగా వాడుకలో ఉంది.

ఒక్క మాటతో మారే సంకేతం

కఫం పరీక్షలో నిర్ధారణ అయిన ఊపిరితిత్తుల క్షయకు ఐసిడి-10లో ఎ15.0 సంకేతం వర్తిస్తుంది. నిర్ధారణ పరీక్ష ప్రస్తావన లేకుండా ఊపిరితిత్తుల క్షయ అని మాత్రమే రాస్తే అది ఎ16.2 అవుతుంది. కేవలం క్షయ అని రాసి ఊరుకుంటే ఎ16.9 కిందకు చేరుతుంది. రోగి ఒక్కడే, వ్యాధి ఒక్కటే అయినా, లెక్కలో మాత్రం మూడు వేర్వేరు చోట్లకు వెళుతుంది.

మధుమేహం విషయంలోనూ ఇదే పరిస్థితి. టైప్-2 మధుమేహం వలన మూత్రపిండాలు దెబ్బతిన్నట్లు రాస్తే ఇ11.2 సంకేతం వస్తుంది. మధుమేహం అని మాత్రమే రాస్తే ఏ రకమో తెలియని కేసుగా ఇ14 కింద నమోదవుతుంది. మూత్రపిండాల వ్యాధిగ్రస్తులకు ఎన్ని డయాలిసిస్ యంత్రాలు అవసరమో అంచనా వేసే అధికారికి ఈ తేడా ఎంతో కీలకం.

పురుగుమందుల కేసులలో మరింత జాగ్రత్త అవసరం. ఆర్గానోఫాస్ఫేట్ విషప్రభావానికి టి60.0 సంకేతం ఉంది. అయితే అది ఏ పరిస్థితిలో జరిగిందో తెలిపే మరొక సంకేతాన్ని కూడా ఇవ్వాలి. ప్రమాదవశాత్తు అయితే ఎక్స్48, ఉద్దేశపూర్వకంగా అయితే ఎక్స్68, ఉద్దేశం తేలనప్పుడు వై18 వర్తిస్తాయి. పొలంలో మందు చల్లుతూ సొమ్మసిల్లిన రైతుకూ, ప్రాణం తీసుకోవాలని తాగిన వ్యక్తికీ కేస్ షీట్‌లో విషప్రయోగం అని ఒకే మాట రాస్తే, మొదటివారికి కావలసిన రక్షణ పరికరాల అవసరం గానీ, రెండోవారికి కావలసిన మానసిక సహాయం గానీ లెక్కలలో కనిపించదు.

మరణ కారణ ధ్రువీకరణ

ఆసుపత్రిలో సంభవించిన మరణాలకు ఫారం-4లో కారణాన్ని ధ్రువీకరించాలి. అందులోని మొదటి భాగంలో తక్షణ కారణం, దానికి దారితీసిన స్థితి, వీటన్నింటికీ మూలమైన వ్యాధి వరుస క్రమంలో ఉండాలి. మరణానికి దోహదం చేసిన ఇతర వ్యాధులను రెండవ భాగంలో రాయాలి. చాలా సందర్భాలలో గుండె ఆగిపోవడం, శ్వాస ఆగిపోవడం అని రాసి వదిలివేయడం పరిపాటిగా ఉంది. గుండె ఆగడం ప్రతి మరణంలోనూ జరిగేదే. అది మరణం సంభవించిన తీరే తప్ప మరణానికి మూలకారణం కాదు.

దేశంలో 2020లో నమోదైన మొత్తం మరణాలలో వైద్యపరంగా కారణం ధ్రువీకరించినవి 22.5 శాతం మాత్రమే. ధ్రువీకరించిన ఈ కొద్ది పత్రాలైనా మూలకారణాన్ని తెలపకపోతే ఆరోగ్య ప్రణాళికలకు ఆధారం కొరవడుతుంది. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, వైద్య సంస్థలు మరణ కారణ పత్రాన్ని ఉచితంగా రిజిస్ట్రారుకు పంపి, దాని ప్రతిని సమీప బంధువుకు అందజేయాలి. ఈ సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దీనితో ఆ పత్రం కార్యాలయాలకే పరిమితం కాక, ఆప్తుని కోల్పోయిన కుటుంబం చేతికీ చేరుతుంది.

పేదల చికిత్సకూ రికార్డే ఆధారం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభమైంది. కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన 2018 సెప్టెంబరు 23న మొదలైంది. ఇటువంటి పథకాలలో ఆసుపత్రికి చెల్లింపు చికిత్స ప్యాకేజీని బట్టి జరుగుతుంది. రోగ నిర్ధారణ, పరీక్షల నివేదికలు, చేసిన చికిత్స, డిశ్చార్జి సమ్మరీ ఒకదానితో ఒకటి పొంతన కలిగి ఉన్నప్పుడే పరిశీలన సజావుగా సాగుతుంది. పొంతన లేని రికార్డు నిజాయితీగా చేసిన చికిత్సనూ అనుమానాస్పదంగా మారుస్తుంది. సక్రమమైన రికార్డు తప్పుడు బిల్లులను బయటపెడుతుంది.

పాటించవలసిన అంశాలు

డిశ్చార్జి సమయంలో ప్రధాన వ్యాధిని, అంటే రోగికి చికిత్స అవసరం కావడానికి ముఖ్య కారణమైన స్థితిని, డాక్టరు పొడి అక్షరాలు లేకుండా పూర్తిగా రాయాలి. అనుబంధ వ్యాధులను విడిగా పేర్కొనాలి. సందేహం కలిగినప్పుడు రికార్డ్ టెక్నీషియన్ సొంతంగా ఊహించి సంకేతం వేయక, సంబంధిత డాక్టరును అడిగి తెలుసుకోవాలి. పొరపాటును దిద్దవలసి వస్తే పాత రాత కనిపించేటట్లు ఒక గీత గీసి, తేదీతో సంతకం చేయాలి.

భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను చికిత్స ప్రారంభమైన తేదీ నుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి గానీ, అతని అధీకృత ప్రతినిధి గానీ కోరినప్పుడు 72 గంటలలోగా వాటిని అందజేయాలి.

ఒక వ్యాధి కేసులు ఒక్కసారిగా పెరిగినట్లు గణాంకాలు చూపినప్పుడు, వ్యాధి నిజంగా ప్రబలిందా లేక నమోదు మెరుగుపడిందా అన్న విషయాన్ని పత్రికా విలేకరులు, అధికారులు ముందుగా పరిశీలించడం అవసరం. నిన్నటివరకు లెక్కలోకి రాని రోగి నేడు లెక్కలోకి వచ్చి ఉండవచ్చు. వార్డులో రోగి మంచం పక్కన నిలబడి డాక్టరు రాసే ఆ రెండు పంక్తులు ఎంత స్పష్టంగా ఉంటే, ఆరోగ్య నిధులు అవసరమైన చోటికి అంత సరిగా చేరుతాయి.