బుట్ట కోసం పుట్టిన కుకీ

1994 నాటి వెబ్‌కు జ్ఞాపకశక్తి లేదు. ఒక పేజీ అడిగి, మరుక్షణం ఇంకో పేజీ అడిగితే, రెండుసార్లూ అడిగింది ఒకరేనని సర్వర్‌కు తెలిసేది కాదు. అలాంటిచోట దుకాణం ఎలా నడుస్తుంది? బుట్టలో ఏం వేశారో గుర్తుండాలి కదా! నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లి దీనికి ఉపాయం కనిపెట్టారు. సైటు ఒక చిన్న చీటీ రాసి మన బ్రౌజర్ దగ్గరే ఉంచుతుంది. మళ్లీ వెళ్లినప్పుడు బ్రౌజర్ దాన్ని చూపిస్తుంది. అదే కుకీ.

ప్రతి బ్రౌజర్‌కూ ఒక శాశ్వత నంబరు ఇచ్చేస్తే పని ఇంకా సులువయ్యేది. అయితే ఆ నంబరు పట్టుకుని మనిషిని ఏ సైటుకు వెళ్లినా వెంటాడవచ్చని మాంటుల్లి ఆ దారి వదిలేశారు. ఏ సైటు కుకీని ఆ సైటే చదవాలన్నారు. కుకీ చరిత్రలో నేను అన్నిటికన్నా గౌరవించే నిర్ణయం ఇదే.

ఆ నియమం చెక్కుచెదరలేదు, పక్కదారి మాత్రం దొరికింది. పేజీలోని ప్రకటన బొమ్మ వేరే కంపెనీ సర్వర్ నుంచి వస్తుంది, దాంతోపాటే ఆ కంపెనీ కుకీ కూడా. అల్లాదుర్గ్‌లో ఒక రైతు పొద్దున వార్తలు చదివి, మధ్యాహ్నం స్ప్రేయర్ ధర చూసి, రాత్రి మోకాళ్ల నొప్పికి మందు వెతికాడనుకోండి. ఆ మూడు సైట్లలో ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. మూడింటిలోనూ ప్రకటన వేసింది ఒకే కంపెనీ అయితే, రైతు అవసరాలూ నొప్పులూ అన్నీ దాని లెక్కలోకి చేరతాయి. ఈ వ్యాపారంలోనే ఎదిగిన డబుల్‌క్లిక్‌ను 310 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు గూగుల్ 2007లో ప్రకటించింది.

కుకీలు చెరిపేస్తే సరిపోదా? సరిపోదని 2010లో ప్రోగ్రామర్ సామీ కామ్‌కార్ 'ఎవర్‌కుకీ' చేసి చూపించారు. అది ఒకే గుర్తును బ్రౌజర్‌లో అనేకచోట్ల దాస్తుంది. ఒకచోట చెరిపితే ఇంకోచోటి నుంచి మళ్లీ పుడుతుంది. అదే ఏడాది పీటర్ ఎకర్స్‌లీ పరిశోధన ఇంకా కలవరపెట్టింది. ఏ చీటీ లేకుండానే ఫాంట్లు, తెర కొలత, ప్లగిన్‌ల వంటివి కలిపి చూస్తే, 4,70,161 బ్రౌజర్లలో 83.6 శాతానికి జోడీయే లేదు!

ఇలా వేరే కంపెనీల నుంచి వచ్చే పరాయి కుకీలను సఫారీ బ్రౌజర్ 2020లో పూర్తిగా ఆపేసింది. తన బ్రౌజర్ క్రోమ్‌లోనూ ఆపుతామన్న గూగుల్ 2024లో వెనక్కి తగ్గింది.

ఇక మన దేశంలో, గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పిచ్చిన తొమ్మిదిమంది న్యాయమూర్తులలో కృష్ణా జిల్లావారైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, సమ్మతి కోరే మాటలను తెలుగులోనూ చదువుకునే వీలుండాలి. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడమూ అంతే సులువు కావాలి. 'అంగీకరిస్తున్నా' బటన్ ఎదురుగా పెద్దదిగా, 'వద్దు' ఎక్కడో లోపల దాగి ఉండే తెరలు ఇక మారితీరాలి.