ఐస్ హాకీ వీడియో గేమ్

ఐస్ హాకీ వీడియో గేమ్ అనగా గడ్డకట్టిన మంచుపై స్కేట్లు కట్టుకొని ఆడే హాకీ క్రీడను తెరపై ఆడుకొనుటకు వీలుగా రూపొందించిన ఆట. ఇటువంటి ఆటలు అనేక దశాబ్దాలుగా వెలువడుతున్నాయి. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్ పేరుతో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 1991లో ప్రారంభించిన ఎన్‌హెచ్‌ఎల్ వరుస వీటిలో ప్రసిద్ధమైనది. అసలు క్రీడను ఉన్నది ఉన్నట్లు అనుకరించే ఆటను వాస్తవికమైన ఆట అంటారు. అయితే అనుకరణ ఎక్కువైన కొద్దీ ఆనందం కూడా ఎక్కువ కావాలన్న నియమం లేదు. ఏ అంశంలో అనుకరించారన్నదే ముఖ్యం.

== తెలుగువారికి పరిచయం ==

భారతదేశంలో ఐస్ హాకీ ప్రధానంగా లడఖ్, స్పితి ప్రాంతాలలో, చలికాలంలో గడ్డకట్టిన చెరువులపై ఆడతారు. 2025లో జరిగిన మహిళల ఆసియా కప్ పోటీలో భారత జట్టు కాంస్య పతకం సాధించింది. సంవత్సరం పొడవునా కాలువలలో నీరు నీరుగానే ఉండే కోనసీమలో, తాటిపాక, రాజోలు వంటి ఊళ్ళలో, ఈ క్రీడను దగ్గరగా చూసే అవకాశం లేదు. కానీ ఈ ఆటలోని కీలకమైన సూత్రం అక్కడివారికి కొత్తదేమీ కాదు. బోరిక్ పొడి చల్లిన క్యారమ్ బోర్డుపై స్ట్రైకరు ఎట్లా జారుతుందో, చెక్క అంచుకు తగిలి ఏ కోణంలో తిరిగి వస్తుందో తెలిసినవారికి ఐస్ హాకీలో సగం తెలిసినట్లే. తక్కిన సగం ఏమిటంటే, ఇక్కడ ఆటగాళ్ళు కూడా స్ట్రైకరు వలెనే జారుతూ ఉంటారు.

== అసలు క్రీడ ==

ఎన్‌హెచ్‌ఎల్ పోటీలు జరిగే రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు కలిగి, చుట్టూ గోడతో మూసివేయబడి ఉంటుంది. బంతికి బదులు పక్ అనబడే గట్టి రబ్బరు బిళ్ళను వాడతారు. దీని వ్యాసం 3 అంగుళాలు, మందం 1 అంగుళం. ఎగిరి గెంతకుండా ఉండుటకు ఆటకు ముందు దీనిని శీతలపెట్టెలో ఉంచి గడ్డ కట్టిస్తారు. ఒక్కొక్క జట్టు నుండి గోలీతో కలిపి ఆరుగురు మంచుపై ఉంటారు. ఆట 20 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా సాగుతుంది. అలసట తీవ్రంగా ఉండుటచే ఆటగాళ్ళు ముప్పావు నిమిషం ఆడి, ఆట ఆగకుండానే, బెంచీ మీదివారితో మారుతూ ఉంటారు. చిన్న తప్పు చేసినవాడు రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. ఆ సమయంలో అతని జట్టు ఒకరు తక్కువగా ఆడుతుంది.

== జారుడు ==

ఐస్ హాకీ ఆటను ఫుట్‌బాల్, క్రికెట్ ఆటల నుండి వేరు చేసేది జడత్వం. నేలపై పరుగెత్తేవాడు రెండడుగులలో ఆగగలడు. మంచుపై వేగంగా పోయేవాడు ఆగవలెనంటే స్కేట్లను అడ్డంగా తిప్పి మంచును గీకాలి. మలుపు తిరగవలెనంటే వేగాన్నో, దారినో వదులుకోవాలి. ఈ వదులుకొనుటలోనే ఆట ఉన్నది. ప్రత్యర్థి వైపు పూర్తి వేగంతో దూసుకుపోయిన రక్షకుడు గురి తప్పితే, వెనక్కు తిరిగి వచ్చేలోపు గోల్ పడిపోతుంది. అందుచేత ప్రతి అడుగూ ముందుగా తీసుకున్న నిర్ణయం అవుతుంది.

మీట నొక్కిన వెంటనే ఆటగాడు ఎటు కావాలంటే అటు తిరిగితే చేతికి హాయిగా ఉంటుంది. కానీ అప్పుడు మంచు నేలగా మారిపోతుంది, తప్పుకు శిక్ష ఉండదు. పూర్తిగా అసలు జడత్వాన్నే పెడితే ఆటగాడు బండరాయిని లాగుతున్నట్లు భావిస్తాడు. 2012లో వచ్చిన ఎన్‌హెచ్‌ఎల్ 13లో స్కేటింగ్ విధానాన్ని ఈ దృష్టితోనే తిరగరాశారు. అంతకుముందు ఆటలలో పూర్తి వేగంలో కూడా చటుక్కున తిరిగిన ఆటగాళ్ళు, ఇందులో పెద్ద వలయం తీసుకొని గాని తిరగలేరు. పాత అలవాటుతో ఆడినవారికి మొదట ఇది బరువుగా అనిపించినా, వేగం తగ్గించుకొని ఆడుట అనే కొత్త నేర్పు దీనివల్ల వచ్చింది.

వాస్తవికతకు ఏమాత్రం సంబంధం లేని ఆటలలో కూడా ఇదే సూత్రం కనిపిస్తుంది. 1988లో నింటెండో విడుదల చేసిన ఐస్ హాకీ ఆటలో సన్నవాడు, మధ్యరకంవాడు, లావువాడు అని మూడే రకాల ఆటగాళ్ళు. సన్నవాడు వేగంగా పోతాడు గాని తగిలితే పడిపోతాడు. లావువాడు నెమ్మదిగా కదులుతాడు గాని అతని దెబ్బ బలమైనది. జట్టులో ఎవరెందరు ఉండాలన్నది ఆడేవారే నిర్ణయించుకోవాలి. నిజం ఆటలోని బేరం అంతా ఈ మూడు బొమ్మలలో ఇమిడి ఉన్నది.

== చేతిలో కర్ర ==

తొలినాటి ఆటలలో బిళ్ళ కర్రకు అంటుకొన్నట్లే ఉండేది. కొట్టుటకు ఒక మీట, అందించుటకు ఒక మీట. 1993లో వచ్చిన ఎన్‌హెచ్‌ఎల్ 94 ఈ పద్ధతిలోనే ఒక మెరుగు తెచ్చింది. తోటి ఆటగాడు అందించిన బిళ్ళ చేరక మునుపే మీట నొక్కితే, దానిని ఆపకుండా ఒక్క దెబ్బతో గోల్ వైపు కొట్టవచ్చును. సమయం కుదిరితే గోల్, కుదరకపోతే గాలిలో కర్ర. ముప్పయి ఏళ్ళు దాటినా ఈ ఆటకు అభిమానులు నేటి జట్ల పేర్లు చేర్చి ఆడుకొనుటకు ఇది ఒక ప్రధాన కారణం. చికాగో జట్టుకు చెందిన జెరెమీ రోనిక్ ఇందులో దాదాపు ఆపశక్యం కానివాడు. ఆయనను మంచుపై కంటే ఈ ఆటలోనే ఎక్కువగా ఎరిగినవారున్నారంటే అతిశయోక్తి కాదు.

2006లో ఎక్స్‌బాక్స్ 360 కొరకు వెలువడిన ఎన్‌హెచ్‌ఎల్ 07 మీటల స్థానంలో స్కిల్ స్టిక్ అనే విధానాన్ని ప్రవేశపెట్టింది. కుడి బొటనవేలి కింది పుల్లను అటూ ఇటూ కదిపితే తెరపై కర్ర కూడా అటూ ఇటూ కదులుతుంది. వెనక్కు లాగి ముందుకు తోస్తే బలమైన దెబ్బ, లాగకుండా తోస్తే మణికట్టు దెబ్బ. చేయి చేసే పనికీ కర్ర చేసే పనికీ పోలిక ఏర్పడుటచే, గోల్ పడినపుడు అది యంత్రం వేసినది కాదు, తాను వేసినది అన్న భావం కలుగుతుంది.

అదే సంవత్సరం ఇదే సంస్థ విడుదల చేసిన క్రికెట్ 07 తెలుగునాట అనేకమందికి సుపరిచితం. అందులోని సెంచరీ స్టిక్ అనే విధానం కూడా ఇటువంటిదే. ఒక పుల్ల పాదాన్ని కదిపితే మరొకటి బ్యాటును కదుపుతుంది. మంచు హాకీకి పుట్టినిల్లయిన కెనడాలో, నోవా స్కోషియాకు చెందిన హెచ్‌బీ స్టూడియోస్ ఈ క్రికెట్ ఆటను తయారుచేయుట ఒక విశేషం. కానీ నెట్ సెంటర్లలోనూ ఇళ్ళలోనూ కంప్యూటరు కీబోర్డుపై ఆడినవారికి ఈ ఏర్పాటు అనుభవంలోకి రాలేదు. కీ అనేది నొక్కబడి ఉంటుంది, లేదా నొక్కబడి ఉండదు. నడుమ మెల్లగా, కొంచెం, వంకరగా అన్నవి దానికి తెలియవు.

== వదిలివేయవలసిన వాస్తవం ==

నిజం ఆటలో ఉన్నదంతా తెరపైకి తెచ్చుట సాధ్యం కాదు, అవసరం కూడా కాదు. గంటసేపు గడియారాన్ని నడిపితే ఆడేవారికి ఓపిక ఉండదు కాబట్టి ఒక్కొక్క భాగాన్ని 5 నిమిషాలకు కుదించుకొనే వీలు కల్పిస్తారు. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ఎన్‌హెచ్‌ఎల్ పోటీలలో ఒక్కో జట్టు సుమారు 30 సార్లు గోల్ వైపు కొడుతుంది. పదింట తొమ్మిది దెబ్బలను గోలీ ఆపుతాడు. రెండు జట్లకూ కలిపి గోల్స్ ఆరు వరకు ఉంటాయి. నాలుగో వంతు కాలంలో అంతే నిజాయితీగా ఆడిస్తే ఆట చాలాసార్లు గోల్ లేకుండానే ముగుస్తుంది. కాబట్టి ఆట వేగాన్ని పెంచడమో, గోలీని కొంత బలహీనపరచడమో తప్పదు. అలసట, శిక్షాకాలం కూడా ఆ లెక్కకే సరిపోవాలి. వీటిని ఆడేవారే సవరించుకొనేందుకు తరువాతి ఆటలలో స్లైడర్లు అనే ఏర్పాటు చేశారు.

గోలీని బలహీనపరచుటలో ప్రమాదం కలదు. ఎన్‌హెచ్‌ఎల్ 94లో గోల్ ముందు అడ్డంగా జారుతూ పోయి, గోలీ ఒక పక్కకు వాలిన తరువాత రెండవ పక్కకు కొడితే ఎక్కువసార్లు గోల్ పడుతుంది. ఈ కిటుకు తెలిసిన ఇద్దరు ఆడితే తక్కిన ఆటంతా వృథా అవుతుంది. అందువల్ల స్నేహితులు ఆ దెబ్బ కొట్టకూడదని తమలో తామే ఒప్పందం చేసుకోవలసి వస్తుంది. మంచి గోలీ అంటే అన్నీ ఆపేవాడు కాదు, ఎందుకు ఆపలేకపోయాడో ఆడేవారికి అర్థమయ్యేవాడు. ఎదుట ఇద్దరు అడ్డుగా నిలిచి చూపు మూసివేస్తే బిళ్ళను చూడలేకపోవాలి. ఖాళీగా ఉన్న దారిలో దూరం నుండి వచ్చిన బిళ్ళను వదలకూడదు.

కొట్లాటల విషయంలో చరిత్ర కొంత విచిత్రమైనది. 1992 నాటి ఆటలో ముష్టియుద్ధాలు, గాయపడినవాడి రక్తం మంచుపై కనిపించేవి. ఎన్‌హెచ్‌ఎల్ 94లో రెండింటినీ తొలగించారు. అయినా ఆ ఆటే అభిమానుల మెప్పు పొందింది.

2014లో వెలువడిన ఎన్‌హెచ్‌ఎల్ 15 ఇందుకు ఎదురు ఉదాహరణ. కొత్త కన్సోళ్ళపై ముఖాలు, దుస్తుల ముడతలు, ప్రేక్షకులు ఎన్నడూ లేనంత సహజంగా కనిపించారు. కానీ మిత్రులతో జట్టు కట్టి ఆడుకొనే లీగ్ అందులో లేకపోవుటచే విమర్శలు వెల్లువెత్తాయి. మరుసటి సంవత్సరం దానిని తిరిగి చేర్చారు.

== కంప్యూటరుపై ==

2008లో వచ్చిన ఎన్‌హెచ్‌ఎల్ 09 తరువాత ఈ వరుస ఆటలను కంప్యూటరు కొరకు విడుదల చేయుట మానివేశారు. పోటీగా నిలిచిన ఎన్‌హెచ్‌ఎల్ 2కే వరుస కూడా 2010 తరువాత గృహ కన్సోళ్ళపై వెలువడలేదు. కన్సోల్ లేక కంప్యూటరు మాత్రమే ఉన్నవారికి పాత ఆటలే దిక్కయ్యాయి. ఎన్‌హెచ్‌ఎల్ 2004ను అభిమానులు కొత్త జట్లు, దుస్తులు చేర్చి ఎన్‌హెచ్‌ఎల్ 04 రీబిల్ట్ పేరుతో పునర్నిర్మించారు. క్రికెట్ 07 విషయంలో కూడా ఇట్లే జరిగింది. దాని తరువాత ఆ సంస్థ కంప్యూటరుకు మరో క్రికెట్ ఆటను తేలేదు. అభిమానులు తయారుచేసిన కొత్త జట్ల జాబితాలు, చొక్కాలు, మైదానాలు అతికించుకొని దానినే ఆడుతూ వచ్చారు.