మూడో రోజు నుంచి నలభై రెండో రోజు దాకా

కాన్పయిన మూడో రోజు, ఏడో రోజు, తర్వాత 14, 21, 28, చివరగా 42వ రోజు. మెదక్ పట్టణంలో ఆసుపత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన బాలింత దగ్గరికి ఆశా కార్యకర్త రావాల్సిన రోజులివి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు రావాలి. 2011లో దేశమంతటా మొదలైన ఈ పద్ధతికి పునాది మన రాష్ట్ర సరిహద్దులోని మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలిలో పడింది. కొద్దిగా చదువుకున్న ఊరి ఆడవాళ్లకు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు శిక్షణనిచ్చి 39 గ్రామాల్లో ఇల్లిల్లూ తిప్పారు. మూడో ఏటికి అక్కడి నవజాత శిశు మరణాలు, ఈ సేవ అందని పక్క ఊళ్లతో పోలిస్తే 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు.

ఈ తేదీలకూ బిడ్డ ఒంట్లో జరిగే మార్పులకూ సంబంధముంది.

మూడో రోజుకు బిడ్డ బరువు తగ్గి ఉంటుంది. పుట్టిన బరువులో 7 నుంచి 10 శాతం దాకా తగ్గడం మామూలే. అప్పటిదాకా వచ్చేవి ముర్రుపాలు. చెంచాల లెక్కనే వస్తాయి గానీ రోగాన్ని అడ్డుకునే ప్రతిరక్షకాలు వాటిలో దండిగా ఉంటాయి. ‘పాలు సాల్తలేవు’ అని ఇంట్లోవాళ్లు డబ్బాపాలో తేనో పట్టాలని చూసేదీ సరిగ్గా ఇప్పుడే. బిడ్డ చప్పరించిన కొద్దీ తల్లికి పాలు పెరుగుతాయి. డబ్బాపాలతో కడుపు నిండితే ఆ చప్పరింపు తగ్గుతుంది. తేనెలో ఉండే ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం పుట్టించగలదు. అయిదో రోజు నుంచి రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే.

పసిరికలు బయటపడేదీ ఈ రోజుల్లోనే. కడుపులో ఉన్నప్పుడు తయారైన ఎర్రకణాలు విరిగితే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. లేత కాలేయం దాన్ని అంత వేగంగా బయటికి పంపలేదు. పసుపు ముఖంలో మొదలై కిందికి దిగుతుంది. మొదటి రోజే కనిపించినా, అరచేతులకూ అరికాళ్లకూ పాకినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 1956లో ఇంగ్లండులోని రాచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో, ఎండ తగిలిన చోట బిడ్డ చర్మంలో పసుపు తగ్గిందని నర్సు జీన్ వార్డ్ గమనించింది. అక్కడి నుంచే నీలికాంతి చికిత్స పుట్టింది. కిటికీ ఎండ మాత్రం ఆ చికిత్సకు బదులు కాదు.

మెదక్‌లో చలికాలం రాత్రులు గట్టిగానే చలి పెడతాయి. పసిబిడ్డకు వణికి వేడి పుట్టించుకోవడం రాదు; మెడ, భుజాల దగ్గరుండే గోధుమరంగు కొవ్వును కరిగించుకుంటుంది. బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ కాబట్టి వేడి తొందరగా పోతుంది. అందుకే మొదటి 24 గంటలు స్నానం వద్దు. తల్లి రొమ్ముకు ఆనించి పైన దుప్పటి కప్పితే చాలు, ఆమె ఒంటి వేడే బిడ్డకు అందుతుంది.

ఏడో రోజు చూపంతా బొడ్డు మీదే. పసుపు, నూనె, పౌడరు ఏదీ రాయకుండా పొడిగా వదిలేస్తే మామూలుగా రెండు వారాల్లోపు అదే ఊడిపోతుంది. చుట్టూ ఎరుపెక్కినా, చీము కారినా ఇన్‌ఫెక్షన్ మొదలైనట్టు. 14వ రోజుకు పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి. అప్పటికీ పసుపు పోకపోతే పరీక్ష చేయించాలి.

21వ రోజు మన ఇళ్లలో తొట్టెల వేడుక. చుట్టాలందరూ ఎత్తుకుని ముద్దులాడతారు; దగ్గున్నవాళ్లు దూరంగా ఉండాలి, మిగతావాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సాంబ్రాణి పొగ లేత ఊపిరితిత్తులకు పడదు. కాటుకలో సీసం ఉండే ప్రమాదముంది. ముక్కులో, చెవుల్లో నూనె పోయొద్దు.

ఏడాదిలోపు శిశు మరణాల్లో ఎక్కువ భాగం మొదటి 28 రోజుల్లోనే జరుగుతాయి. ఆ గడువు దాటిందని 28వ రోజున చూసుకుని, 42వ రోజుకు ఆరు వారాల టీకాలను గుర్తుచేస్తారు. పెంటావాలెంట్, పోలియో, రోటావైరస్, న్యుమోనియా టీకాలు అప్పుడే మొదలవ్వాలి.

ఈ లెక్కంతా బాగున్న బిడ్డ కోసమే. పాలు తాగడం మానేసినా, మగతగా పడి ఉన్నా, నిమిషానికి 60కి మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు కాలిపోతున్నా, చల్లబడినా ఆశా అక్క వచ్చే రోజు కోసం ఆగొద్దు. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయాలి.