ట్రాక్టరు రాకర్లు, డ్రైవరు కూలి

దమ్ము రోజుల్లో ట్రాక్టరు ఆగిందంటే ముందు మాట పడేది డ్రైవరే. "వీడికి బండి నడపటం చేతకాదు" అంటూ యజమాని రెండు రోజుల కూలి కోసేస్తాడు. అసలు లోపం నెల కిందట హెడ్డు దింపి మళ్లీ బిగించిన చోట ఉండొచ్చు. రాకర్లను కొలత లేకుండా కండబలంతో బిగించి పంపితే షెడ్డులో ఇంజను బాగానే మోగుతుంది. కేజ్ వీల్స్ వేసి బురదలో దించినప్పుడు బండారం బయటపడుతుంది. అప్పుడు బిగించినవాడు అక్కడుండడు, తోలేవాడు ఉంటాడు.

రాకరు పని ఏతం పనే. ఒక కొనను పుష్ రాడ్డు పైకి తోస్తే రెండో కొన దిగి వాల్వును నొక్కి తెరుస్తుంది. ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరిగితే ఒక్కో రాకరు 750 దెబ్బలు కొడుతుంది. గంటకు 45,000! ఇంత చాకిరీ చేసే భాగాన్ని "గట్టిగానే బిగించాంలే" అని వదిలేస్తే ఎలా?

మాసీ ఫెర్గూసన్ 35 ట్రాక్టరునే తీసుకుందాం. అందులో వాడిన పెర్కిన్స్ డీజిలు ఇంజను పేరు ఏ3.152. అంటే మూడు సిలిండర్లు, 152 ఘనపుటంగుళాలు. ఆరు వాల్వులకు ఆరు రాకర్లు ఒకే షాఫ్టు మీద వరసగా ఉంటాయి.

హెడ్డు నట్లు పుస్తకంలో చెప్పిన వరసలో బిగించటం అయ్యాకే రాకర్ల జోలికి పోవాలి. పుష్ రాడ్లను గాజుపలక మీద దొర్లించి చూడండి, వంకరది ఎగిరెగిరి దొర్లుతుంది. ఏ రాడ్డు ఎక్కడ తీశామో అక్కడే పెట్టాలి. దాని అడుగు కొన టాపెట్ గుంటలో కూర్చున్నట్టు చేతికి తెలియాలి. షాఫ్టు నూనె రంధ్రాలు మడ్డితో పూడిపోతే రాకర్లు ఎండిపోయి అరుగుతాయి కాబట్టి వాటినీ శుభ్రం చేయాలి. సర్దుబాటు స్క్రూలను వెనక్కి తిప్పి వదులు చేసి, అప్పుడు షాఫ్టును దించాలి.

దించేటప్పుడు కొన్ని స్ప్రింగులు కింది నుంచి ఎదురు తోస్తుంటాయి. ఒక మూల పూర్తిగా బిగించి రెండో మూలకు పోతే షాఫ్టు వంగుతుంది, బ్రాకెట్టు పగులుతుంది. పుస్తకం వేరే వరస చెప్పకపోతే మధ్య నుంచి చివరలకు, తలా కొంచెం చొప్పున, రెండు మూడు విడతల్లో బిగించాలి.

ఎంత బిగువు? 60 అడుగు పౌన్లు అని రాసుంటే, అడుగు పొడవు పానా చివర 60 పౌన్ల బలం అని అర్థం. రెండడుగుల పైపు తొడిగితే 30 పౌన్లే చాలు. పైపు తొడిగి కాలితో తన్నే మేస్త్రీ ఎంత బలం వేశాడో ఆయనకే తెలియదు, అందుకే టార్క్ రెంచి కావాలి. హెడ్డు నట్ల కొలత రాకరు నట్లకు పనికిరాదు. ఇంకో సంగతి, మరలకు నూనె రాస్తే అదే బలానికి స్టడ్డు మరింత లాగబడుతుంది. పుస్తకం పొడి మరలకు చెప్పిందా, నూనె మరలకా అన్నది చూసుకోవాలి. ఆ పుస్తకమేమో ఇంగ్లీషులో! తెలుగు రైతుకు అమ్మే బండికి తెలుగు పుస్తకం ఇవ్వమని అడగటం మన హక్కు.

ఇక వాల్వు సందు. వేడికి ఇనుము పెరుగుతుందని బండి చక్రానికి పట్టా ఎక్కించే కమ్మరికి తెలుసు. అందుకే కాస్త సందు వదులుతారు. పైన చెప్పిన ఇంజనుకు చల్లగా ఉన్నప్పుడు 12 థౌ, వేడి మీద 10 థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు. సందు తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోదు, అంచు కాలిపోతుంది, పొద్దున్నే ఇంజను మొరాయిస్తుంది. ఎక్కువైతే టకటకమంటుంది, బలం తగ్గుతుంది. ఆ సిలిండరు పిస్టను కంప్రెషన్‌లో పైకొచ్చి, రెండు వాల్వులూ మూసి ఉన్నప్పుడే కొలవాలి. ఫీలర్ రేకు కొంచెం పట్టుతో జారాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగిపోతుంది, కనుక బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడక తప్పదు.

టార్క్ రెంచి ప్రతివాడూ కొనలేడు. ఊళ్లో డ్రైవర్లంతా కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. హెడ్డు పని జరిగిన రోజున తేదీ, బిగించిన కొలత, వదిలిన సందు, ఇంజను నడిపాక మళ్లీ చూశారా లేదా అన్నది ఒక చీటీ మీద మేస్త్రీతో రాయించి సంతకం పెట్టించుకోండి. ఒక నకలు డ్రైవరు దగ్గర ఉండాలి. యజమాని కూలి కోస్తానన్న రోజు ఆ చీటీ ముందు పెట్టి మాట్లాడవచ్చు.