విశ్వాసం గురించిన పుస్తకం చదివితే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందా?

అనంతపురం నుంచి గుత్తి వెళ్లే దారిలో గార్లదిన్నె ఉంది. కాలువ నీళ్లందని పొలాల్లో వానొస్తే చెనిక్కాయ, రాకపోతే బెంగళూరు వలస. ఇలాంటి ఊళ్ల దళితవాడల్లో బైబిలో, కీర్తనల పుస్తకమో, సాక్ష్యాల పుస్తకమో చేతికొస్తే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఈ బతుక్కి అర్థమేమిటి? ఈ పుస్తకం నా దగ్గరుందని తెలిస్తే నా సర్టిఫికెట్ ఏమవుతుంది? రెండో ప్రశ్న భయం మొదటి ప్రశ్నను నొక్కేస్తోంది. అందుకే రెండింటినీ విడదీసి చూద్దాం.

వెతుకులాట కొత్తది కాదు

"గంజి కోసం మతం మారారు" అన్న మాట మనవాళ్లు తరతరాలుగా పడుతున్నారు. 1876-78 కరువు తర్వాత, 1878 జులై 3న ఒంగోలు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. అయితే ఆ ఉద్యమానికి దారి వేసిన ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసే మాదిగ, 1866లోనే బాప్తిస్మం పొందాడు. అంతకుముందే యోగ మార్గంలో గురువుల దగ్గర సత్యం వెతికినవాడు. ఆయన్ని కదిలించింది ఆకలి ఒక్కటే కాదు. మన సీమలో కడప, గుత్తి కేంద్రాలుగా లండన్ మిషన్ పనిచేసింది.

ఎవరి భారం?

జాన్ బన్యన్ 'యాత్రికుని ప్రయాణము' (1678)లో యాత్రికుడు మోసే మూట అతని పాపం. మన వీపుమీద మూట కులం కూడా. అది మనం చేసిన పాపం కాదు. 1980ల్లో అరవింద్ నిర్మల్ బైబిల్ని ఈ కోణంలోనే చదివాడు. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు తమ పూర్వీకుల దేశదిమ్మరితనాన్ని, దాస్యాన్ని తలుచుకుంటారు. దళితుల విశ్వాసం కూడా తమ చరిత్రను గుర్తు చేసుకోవడంతోనే మొదలవ్వాలన్నాడు. 1941లో 'గబ్బిలం' రాసిన జాషువానే 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాడు. ఆయనలో వెతుకులాట, కులంపై తిరుగుబాటు వేరువేరు కాదు. సంఘం లోపల కూడా పెళ్లి సంబంధాల దగ్గర కులం బతికే ఉంది కాబట్టి, ఈ ప్రశ్న చర్చిని కూడా అడగాలి.

చట్టం ఏమంటోంది

1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందూ మతం కాక వేరే మతం 'అవలంబించే' వారిని ఎస్సీలుగా గుర్తించదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. 'అవలంబించడం' అంటే బహిరంగంగా ప్రకటించి పాటించడమని 1964లో పంజాబ్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పుస్తకం చదవడం మతం మారడం కాదు. మనస్సాక్షి స్వేచ్ఛ 25వ అధికరణ ఇచ్చిన హక్కు. కానీ బాప్తిస్మం, క్రమం తప్పని చర్చి ఆరాధన సాక్ష్యాలవుతాయి. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో జరిగిందదే.

మతం మారిన దళితుడికి ఆంధ్రప్రదేశ్‌లో దక్కేది బీసీ-సీ కింద ఒక్క శాతం. ఎస్సీ హోదా ఇవ్వాలని అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానించినా, ఉత్తర్వు మారాల్సింది ఢిల్లీలో.

మతం మారినా అంటరానితనం వదలదని వాడకు తెలుసు. అలాంటప్పుడు హోదా మాత్రం ఎందుకు పోవాలి? ఆ ప్రశ్న తేలేదాకా పుస్తకాన్ని దాచుకోవాల్సిన పనిలేదు. చదవండి, వాదించండి. అంబేద్కర్ కూడా మతాలన్నిటినీ చదివి, ప్రశ్నించాకే తన దారి ఎంచుకున్నాడు.