పాట ఉంది, పేరు ఏది?

బతుకమ్మ పండుగ వచ్చింది. బాలాపూర్‌లో పొద్దుగూకింది. ఆడవాళ్లు బతుకమ్మల చుట్టూ తిరుగుతున్నారు. ఒకామె పాట ఎత్తుకుంటుంది. మిగతావాళ్లు అందుకుంటారు. ముసలమ్మ నుంచి చిన్నపిల్ల దాకా అందరికీ ఆ పాట వస్తుంది.

ఆ పాట ఎవరు కట్టినారు? అడిగి చూడండి. "మా అమ్మ పాడేది, నేను నేర్చుకున్న" అంటారు. మొదట కట్టినామె పేరు ఎవరికీ తెలియదు. పాట బతికింది. పేరు పోయింది.

ఎందుకు ఇట్లయింది? పాట నోటి నుంచి చెవికి పోయింది. కాగితం మీదికి రాలేదు.

కిన్నెర పాట

కిన్నెర అని ఒక వాయిద్యం ఉంది. పొడుగాటి బొంగు. దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు. పైన తీగెలు. వేళ్లు పెట్టడానికి మెట్లు. తీగె మీటితే సన్నని చప్పుడు వస్తుంది. అది బుర్రలోకి పోయి పెద్దదవుతుంది. ఖాళీ కుండలో మాట్లాడితే గొంతు పెద్దగా వినపడదా? ఇదీ అంతే.

డక్కలి కులంవాళ్లు ఊరూరా తిరిగి కిన్నెర మీద కథలు పాడేవాళ్లు. పండుగ సాయన్న కథ అందులో ఒకటి. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచిన మనిషి అని పాలమూరు జనం సాయన్నను తలుచుకుంటారు. ఇటువంటి కథలను ఈ పేద పాటగాళ్లే నిలిపినారు.

నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య ఈ కులంలో పుట్టినారు. 12 మెట్ల కిన్నెర వాయిస్తారు. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట వచ్చింది. ఆ పాట మొదట్లో ఆయన గొంతు వినిపించింది. ఊరి పాట సినిమా పాటకు దారి తీసింది. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చినారు.

పేరు వస్తే కడుపు నిండుతుందా? 2024లో ఆయన తుర్కయాంజాల్‌లో కూలి పని చేస్తున్నారని పత్రికల్లో వచ్చింది. అది బాలాపూర్‌కు దూరమేం కాదు. అదే ఏడు ప్రభుత్వం హయత్‌నగర్ దిక్కు ఆయనకు ఇంటి స్థలం ఇచ్చింది.

రాసింది ఒకరు, అనుకునేది ఒకరిని

'బండెనక బండి' పాట తెలంగాణలో వినని వాళ్లు తక్కువ. 1979లో తీసిన 'మాభూమి' సినిమాలో గద్దర్ ఆ పాట పాడినారు. తెర మీద కూడా ఆయనే కనపడినారు. అప్పటి నుంచి చాలామంది ఆ పాట గద్దర్ రాసిందే అనుకుంటారు. కాదు. దాన్ని కట్టింది బండి యాదగిరి. 1946 నుంచి 1951 దాకా జరిగిన తెలంగాణ రైతాంగ పోరాటంలో పుట్టిన పాట అది. పాడినాయన పేరు పెద్దదయింది. కట్టినాయన పేరు వెనకబడింది.

సముద్రం అవతల కూడా అంతే

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో నల్లజాతి వాళ్లున్నారు. వాళ్ల తాత ముత్తాతలను ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చి బానిసలుగా అమ్మినారు. పత్తి చేలల్లో చాకిరీ చేయించినారు. ఆ కష్టంలో నుంచి ఒక పాట పుట్టింది. దాన్ని 'బ్లూస్' అంటారు.

ఆ పాటకు తోడు మౌత్ ఆర్గాన్. జేబులో పట్టేంత చిన్నది. ధర తక్కువ. నోటితో ఊదినా మోగుతుంది, గాలి లోపలికి పీల్చినా మోగుతుంది. లిటిల్ వాల్టర్ అనే ఆయన మౌత్ ఆర్గాన్‌ను, మైకును కలిపి రెండు చేతుల మధ్య మూసి పట్టి వాయించినాడు. ఆ చిన్న బాజా హాలంతా నిండింది. 1955లో ఆయన పాడిన 'మై బేబ్' పాట చాలా పేరు పొందింది. ఆ పాట రాసింది విల్లీ డిక్సన్.

ఇంగ్లాండులో తెల్ల కుర్రవాళ్లు ఈ పాటల రికార్డులు విన్నారు. అట్లనే వాయించడం, పాడడం నేర్చుకున్నారు. పెద్ద పెద్ద బృందాలు కట్టినారు. డబ్బు బాగా వచ్చింది. అందులో 'లెడ్ జెపెలిన్' అనే బృందం 1969లో ఒక పాట పాడింది. అందులో తన మాటలు ఉన్నాయని డిక్సన్ అన్నాడు. 1985లో కోర్టుకు పోయినాడు. 1987లో రాజీ కుదిరింది. తర్వాత ఆ పాట రాసినవాళ్లలో డిక్సన్ పేరు కూడా చేర్చినారు.

డిక్సన్ ఎట్ల అడగగలిగినాడు? తన పాట 1962లోనే రికార్డు మీద వచ్చింది. రాసినవాడిగా దాని మీద ఆయన పేరు ఉంది. అదే ఆధారం. నోటి మాట ఒక్కటే అయితే ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు కలం మీ చేతిలో ఉంది

ఒకరి పాట ఇంకొకరు పాడడం తప్పు కాదు. పాట అట్లనే పెరుగుతుంది. పాట కట్టినవాళ్లను మరవడం తప్పు. వాళ్లను ఆకలికి వదిలేయడం ఇంకా తప్పు.

నాట్లప్పుడు పాడే పాటలు, తిరగలి పాటలు, జోలపాటలు, బతుకమ్మ పాటలు మీకు ఎన్నో వచ్చు. నిన్నటి దాకా వాటిని రాసుకునే వీలు లేదు. ఇప్పుడు ఉంది. ఒక నోటుబుక్కు తీసుకోండి. వారానికి ఒక పాట రాయండి. తప్పులు పోయినా పర్వాలేదు. పాట కింద మూడు సంగతులు రాయండి:

ఈ పాట మీకు ఎవరు నేర్పినారు?
వాళ్లది ఏ ఊరు?
ఏ పని చేస్తూ పాడేవాళ్లు?

మీరే కట్టిన పాట అయితే కింద మీ పేరు రాయండి. తేదీ వేయండి. మీ మనవరాలు ఆ పాట పాడిన రోజు, కట్టిందెవరో చెప్పగలుగుతుంది.