గుడ్డపై కుట్టిన చరిత్ర

లిపి లేని జనులు తమ పూర్వకథను ఎట్లు నిలుపుకొందురో నేడు మీకు మనవి చేయదలచినాను.

తిరుమలలో హాథీరాం బావాజీ సమాధి యున్నది. ఆయన పేరిట వెలసిన మఠపు మహంతులే 1843 మొదలు 1933 వరకు శ్రీవారి ఆలయపాలన నడపిరి. సుగాలీలు బావాజీని తమవాడని నమ్మి కొలుతురు. ఒకమారు అచ్చట ఒక సుగాలీ అవ్వ, తన ఫేటియాకు కుట్టిన గవ్వలను మనుమరాలికి చూపుచుండగా నేను చూచితిని. చిన్ననాట ఆ దుస్తులను చూచి నవ్విన పిల్లలలో నేనొకడను. ఆనాడు సిగ్గుపడి, "అవ్వా, ఈ గవ్వలెందుకు?" అని అడిగితిని.

"మా తాతలు ఎద్దులమీద ఉప్పు మోసినారు సామీ. అప్పుడు గవ్వలే చిల్లర. మరిచిపోకూడదని కుట్టుకుంటాము" అనెను.

ఆ మాటలో చరిత్ర యున్నది. లంబాడీల ఎద్దుల బిడారులు ఊరూరికి ఉప్పును, ధాన్యమును చేర్చెడివి. 1791లో కారన్‌వాలిస్ టిప్పూసుల్తానుపై దండెత్తినప్పుడు అతని సేనకు ధాన్యము తెచ్చినవారు వారే. పిమ్మట రోడ్లును రైళ్లును వచ్చి ఆ వర్తకమును అణచివేసెను. 1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టము సంచారజాతులను పెక్కింటిని పుట్టుకచేతనే దొంగలుగా ఎంచెను. అది 1952లో రద్దయ్యెను.

ఇట్టి కష్టమే ఐరోపాలోని రోమా జాతివారికిని కలిగినది. వారి పూర్వులు సుమారు వేయి సంవత్సరముల క్రిందట మన దేశమునుండి వెడలినవారని వారి భాషయే సాక్ష్యమిచ్చుచున్నది. నీటిని వారును "పానీ" యందురు. ముక్కు వారికి "నఖ్". సుగాలీలును రోమాలును ఒకే జాతియని కొందరందురు. భాషలకు చుట్టరికము కలదు గాని, అంతమాత్రమున జాతి ఒక్కటని తేలదు.

రెండవ ప్రపంచయుద్ధమునాడు నాజీలు రోమాలను లక్షలసంఖ్యలో చంపిరి. ఆస్ట్రియా రోమా స్త్రీ చేయ్యా స్టోయ్కా (1933-2013) పసితనముననే మూడు నిర్బంధశిబిరములను చవిచూచి బ్రతికి బయటపడెను. చాలకాలము ఆ కథ ఆమె మనసుననే యుండెను. 1988లో దానిని గ్రంథముగా ప్రకటించి, పిమ్మట వందలకొలది చిత్రములలో వ్రాసెను. లోకము మరువజూచిన దానిని ఆమె కుంచె మరువనీయలేదు. 1971లో లండను చెంత కూడిన రోమా మహాసభవారు తమ జెండాపై చక్రమును నిలిపిరి. అది వారి ప్రయాణమునకు గుర్తు.

మన సుగాలీల అద్దాల పనికి నేడు అంగళ్లలో గిరాకి యున్నది. కన్నడదేశపు సండూరు లంబాడీ కుట్టుపనికి 2010లో భౌగోళికగుర్తింపు లభించినది. ఇది సంతోషమే. కాని అంగడి కుట్టును కాపాడును గాని, కుట్టు వెనుకనున్న మాటను కాపాడదు. గుడ్డ పెట్టెలో మిగులును. దాని అర్థము అవ్వతో పోవును.

అక్షరము నేర్చిన పెద్దలు మీరు. మీ ఊరి చెంత తండా యున్నచో, ఒక సాయంకాలము అచ్చటికి పొండు. వారి పాటను, కుట్టు పేరును, దాని అర్థమును వారి యనుమతితో, వారి నోటి మాటలలోనే, తెలుగు అక్షరములతో వ్రాసి ఒక ప్రతి వారి పిల్లలకిండు. నవ్విన బాల్యమునకు నేను చేసికొనుచున్న ప్రాయశ్చిత్తము ఇదియే.